మైకేల్ ఫ్లాండర్స్ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారా?

ప్రశ్న – లీడ్స్ అమ్మ

అందరికీ నమస్తే. మా అబ్బాయి స్కూల్ క్వయర్‌లో ఈ టర్మ్‌కి ‘కెప్టెన్ నోవా అండ్ హిజ్ ఫ్లోటింగ్ జూ’ నేర్పిస్తున్నారు. సంగీతం జోసెఫ్ హొరోవిట్జ్, మాటలు మైకేల్ ఫ్లాండర్స్ అని పుస్తకం మీద ఉంది. ఫ్లాండర్స్ ఎవరని టీచర్‌ని అడిగితే, "హిప్పో పాట రాసినాయన" అన్నారు. నెట్‌లో ఒకచోట నటుడు అని, ఒకచోట పాటల రచయిత అని, ఇంకోచోట రేడియో మనిషి అని ఉంది. అందరూ ఒక్కరేనా? హిప్పో పాట మావాడు ఇప్పటికే వంద సార్లు పాడేశాడు. అది కాక ఇంకేం వినిపించవచ్చు?

జవాబు – క్రోయ్‌డన్ బాబాయ్

ఒక్కరేనమ్మా. 1922లో లండన్‌లో పుట్టారు, 1975 ఏప్రిల్‌లో వేల్స్‌కి సెలవుల్లో వెళ్ళినప్పుడు పోయారు. అప్పటికి వయసు 53. బీబీసీలో ఎకనామిక్స్ ఎడిటర్‌గా చేసిన స్టెఫనీ ఫ్లాండర్స్ ఆయన కూతురే. మిగతాది పాటల గురించి బాగా తెలిసినవాళ్ళు చెబుతారు.

జవాబు – గొంతు పనివాడు, విశాఖ

అమ్మా, నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. డాక్యుమెంటరీలకు తెలుగు వ్యాఖ్యానం చదవడం నా వృత్తి. అందుకే ఫ్లాండర్స్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, కొంచెం ఎక్కువే రాస్తాను.

ఆయన గురించి ఎవరు రాసినా "పోలియోని జయించాడు" అని మొదలుపెడతారు. ఆ మాట నాకు నచ్చదు. 1943 నుంచి చనిపోయేదాకా ఆయన కుర్చీలోనే ఉన్నారు. కూర్చుని చేయగలిగే పని వెతుక్కుని, దాన్ని నిలబడి చేసేవాళ్ళకంటే బాగా చేశారు. మీ అబ్బాయికి ఇదే చెప్పండి.

వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో చదువుతున్నప్పుడే, తర్వాత తన పాటలకు సంగీతం కట్టి పియానో వాయించిన డోనాల్డ్ స్వాన్‌తో కలిసి 1940లో ఒక రెవ్యూ (పాటలు, హాస్య నాటికలు కలిసిన ప్రదర్శన) వేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో హిస్టరీ చదువుతూ నాటకాలాడారు. యుద్ధంలో నేవీలో చేరి, హెచ్‌ఎంఎస్ మార్న్ అనే డిస్ట్రాయర్ మీద పనిచేశారు. 1942లో ఆఫ్రికా తీరం దగ్గర దానికి టార్పెడో తగిలింది. బతికి బయటపడ్డారు. ఆ మరుసటి ఏడే పోలియో. స్వాన్ దారి పూర్తిగా వేరు. యుద్ధం చేయనని చెప్పి, యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్లు అనే క్రైస్తవుల అంబులెన్స్ దళంలో గ్రీసు దాకా వెళ్ళి సేవ చేశారు. ఒకరు యుద్ధానికి వెళ్ళినవారు, ఒకరు ఒప్పుకోనివారు. అలాంటి ఇద్దరు తర్వాత అన్నేళ్ళు ఒకే స్టేజి మీద కలిసి పాడారంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

మొదట వాళ్ళు వేరేవాళ్ళ కోసం రాసేవారు. హిప్పో పాటను జనంలోకి తీసుకెళ్ళింది కూడా ఇయాన్ వాలెస్ అనే గాయకుడు. 1956లో డార్టింగ్టన్‌లో పాటల రచన గురించి మాట్లాడమంటే, మాట్లాడుతూ మధ్యమధ్య తామే పాడారు. అది బాగా నచ్చింది జనానికి. ఆ డిసెంబరు 31న నాటింగ్ హిల్‌లోని చిన్న థియేటర్‌లో ‘ఎట్ ది డ్రాప్ ఆఫ్ ఎ హ్యాట్’ అనే వాళ్ళిద్దరి ప్రదర్శన మొదలైంది. కొన్ని వారాలకే ఫార్చ్యూన్ థియేటర్‌కి మారి, రెండేళ్ళకు పైగా ఆడింది. తర్వాత న్యూయార్క్. స్టేజి మీద ఒక పియానో, ఒక వీల్‌చైర్, ఇద్దరు మనుషులు. పాటకీ పాటకీ మధ్య ఫ్లాండర్స్ చెప్పే కబుర్లు పాటలంత బాగుంటాయి. మన హరికథలో దాసుగారు కథ ఆపి పిట్టకథ అందుకున్నట్టు ఉంటుంది. వాటిని లైవ్‌గా రికార్డు చేయించింది జార్జ్ మార్టిన్, తర్వాత బీటిల్స్‌తో పనిచేసినాయన.

నటన ఆగలేదు. 1962లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేసిన బ్రెక్ట్ నాటకం ‘కాకేసియన్ చాక్ సర్కిల్’లో కథకుడి పాత్ర ఆయనదే. ఇక రేడియోకి కావలసింది గొంతే కదా! ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ కథనం దొరికితే వినండి. వాక్యం చివర ఆయన గొంతు ఎక్కడా జారిపోదు. ఆఖరి అక్షరం దాకా మోగుతుంది. మా వృత్తిలో అందరికంటే కష్టమైన పని అదే. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పట్టుకుందామని చాలాసార్లు విన్నాను, దొరకలేదు.

ఇంకో మాట. ఆ మధ్య ఒక సన్మాన సభలో నన్ను కుర్చీతో సహా ఎత్తి స్టేజి ఎక్కించారు. ర్యాంప్ లేదు. జనం చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఫ్లాండర్స్‌ని 1950ల్లోనే టికెట్ కొనుక్కుని చూశారు జనం. జాలితో ఎవరూ రెండేళ్ళపాటు హాలు నింపరు.

జవాబు – ఫిజిక్స్ మాస్టారు, వరంగల్

పైన విశాఖ గారు చాలా బాగా రాశారు. నేను ఒక్క పాట కలుపుతాను: ‘ఫస్ట్ అండ్ సెకండ్ లా’. థర్మోడైనమిక్స్ (వేడికీ పనికీ ఉన్న సంబంధం చెప్పే శాస్త్రం) సూత్రాలను జాజ్ వరసలో పాడతారు. వేడే పని, పనే వేడి అన్న దగ్గర మొదలై, వేడి చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువుకి దానంతటది పోదు అంటూ, చివరికి విశ్వమంతా చల్లబడి పని ఆగిపోవడం దాకా వెళతారు. సైన్సు వాళ్ళకీ సాహిత్యం వాళ్ళకీ మధ్య మాటల్లేవని సి.పి.స్నో అనే రచయిత 1959లో అన్నదానికి జవాబుగా పాడతారు. ఇంటర్ పిల్లలకి ఎంట్రోపీ చెప్పే ముందు నేను ఇదే వినిపిస్తాను. క్లాసులో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

లీడ్స్ అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండీ. వాడికి తొమ్మిదేళ్ళు. మొదట ఏది పెట్టమంటారు?

గొంతు పనివాడు, విశాఖ

తొమ్మిదేళ్ళంటే ‘ది గ్యాస్ మ్యాన్ కమెత్’ పెట్టండి. సోమవారం గ్యాస్ అతను వచ్చి ఒకటి బాగుచేసి ఇంకోటి పాడుచేస్తాడు, దాన్ని సరిచేయడానికి రోజుకో పనివాడు వస్తాడు. పగలబడి నవ్వుతాడు. మీరు మాత్రం ‘స్లో ట్రెయిన్’ వినండి. 1963లో బీచింగ్ అనే అధికారి రెండు వేలకు పైగా స్టేషన్లు మూసేయమని రిపోర్టు ఇచ్చాడు. ఆ పాటలో దాదాపు అన్నీ ఊళ్ళ పేర్లే, జోకులేమీ లేవు. పేర్లు చదువుతూ పోతారంతే. ఆ స్టేషన్లలో కొన్నింటిని మూయలేదు, ఇప్పటికీ రైళ్ళు ఆగుతున్నాయి. చెస్టర్-లి-స్ట్రీట్ అలాంటిదే, లీడ్స్ నుంచి న్యూకాజిల్ వైపు వెళ్ళేటప్పుడు దారిలో వస్తుంది.