పూర్ణమ్మ ముందా, పీఠిక ముందా?

మద్దిలపాలెం ఆడిటర్:

కవిత్వం ముందు చదివించాలా, వచనం ముందా? మొన్న ఆదివారం మా పుస్తకాల గుంపు బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చున్నప్పుడు మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నాను.

నాకు కవిత్వం పెద్దగా ఎక్కదు. పొద్దస్తమానం లెక్కలు చూసేవాణ్ణి, కన్ను అంకె దగ్గరే ఆగుతుంది. ఈమధ్య 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి గురజాడ 1897లో ఇంగ్లీషులో రాసిన పీఠిక చదివాను. విజయనగరం మహారాజా ఆనందగజపతి మన విశాఖపట్నం జిల్లాలో, మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళిళ్ళ, జాబితా తయారు చేయించారట. మొత్తం 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఆ ముగ్గురి దగ్గర చదవడం ఆపేశాను. ఏడాది నిండేసరికి మా పాప ఇంకా గోడ పట్టుకునే నిలబడేది.

ఇదే సంగతి మీద ఆయనే గేయంగా రాసిన పూర్ణమ్మ కథ చిన్నప్పుడు స్కూల్లో చదివాను. బట్టీ పట్టాను, మార్కులు వచ్చాయి, అంతే. కాబట్టి నా వాదన ఇది: మనిషిని ఆలోచనలో పడేసేది వచనమే. కవిత్వం చేతికిచ్చే ముందు ఇలాంటి పీఠిక చదివించాలి. కాదనేవాళ్ళు చెప్పండి.

పెదవాల్తేరు:

నూటికి నూరుపాళ్ళు. ఇంకో మాట కూడా కలుపుతాను. బాల్యవివాహాలకి అడ్డుకట్ట వేద్దామని 1929లో శారదా చట్టం వచ్చింది, ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలని పెట్టారు. చట్టాన్ని పద్యంలో రాయలేదు కదా.

తెలుగు పంతులమ్మ:

చట్టం వచ్చాక పెళ్ళిళ్ళు ఆగిపోయాయా నాయనా? సరే, అది వేరే చర్చ.

ఆడిటర్ గారూ, ముప్పై ఏళ్ళు తొమ్మిదీ పది తరగతులకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. పూర్ణమ్మ కథని మార్కుల కోసం చదివించిన పాపంలో నాకూ వాటా ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ మీ పద్ధతితో నాకు పేచీ ఉంది. పీఠిక ముందు చదివితే పూర్ణమ్మ 1,035వ పిల్ల అయిపోతుంది. ఆవిడ దుఃఖం ఏమిటో చదవకముందే మనకి తెలిసిపోయినట్టు ఉంటుంది. తెలిసిపోయినదాన్ని ఎవరూ చెవి ఒగ్గి వినరు.

ఆ గేయం చివర ఏం జరుగుతుందో మళ్ళీ చూడండి. పూజారి గారి అమ్మాయి. డబ్బుకి ఆశపడి ముసలాడికి ఇచ్చి చేశారు. తోటిపిల్లలు నీ మొగుడు తాత అని ఎక్కిరిస్తే ఆటలు మానేసి దుర్గ గుడికి పోయి ఏడ్చింది. కాపరానికి తీసుకెళ్ళడానికి మొగుడు వచ్చాడు. అందరి దగ్గరా సెలవు తీసుకుంది, పూలు కోసుకుని కొలను గట్టునున్న గుడికి వెళ్ళింది. మునిగిపోయిందని గురజాడ ఎక్కడైనా అన్నాడా? అనలేదు. కళ్ళలో కాంతి కలువల్లో చేరిందన్నాడు, నడక హంసల్లో చేరిందన్నాడు, పూర్ణమ్మ దుర్గని చేరిందన్నాడు. క్లాసులో ఏటా ఒక పిల్లో పిల్లాడో లేచి "అంటే ఏమైంది టీచర్?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న రావడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ నేను మాట్లాడేదాన్ని కాదు. మీ జాబితాలో ఆ ప్రశ్నకి చోటు ఎక్కడుంది?

గాజువాక నైట్ షిఫ్ట్:

టీచరమ్మా, నమస్కారం. నేనూ ఆ అడిగిన బాపతే.

మా అమ్మమ్మకి చదువు రాదు. సంతకం బదులు వేలిముద్ర. కానీ ఈ పాట మొత్తం నోటికి వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకుందో తెలీదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ పాడేది. నలుగురూ కూర్చుని నవ్వుకునేటప్పుడు నా పేరు ఒకసారి తలుచుకోండి అని పూర్ణమ్మ అన్నదమ్ములతో అంటుందే, అక్కడికి వచ్చాక చేట పక్కన పెట్టేసేది. ఆవిడకి పదకొండో ఏట పెళ్ళయింది. ఆ ముక్క మాకు ఆవిడ పోయాకగానీ తెలీలేదు.

ఆడిటర్ గురూ, మీ పీఠిక ఇంగ్లీషులో ఉంది. అప్పట్లో అది చదవగలిగింది దొరలూ, కాలేజీ చదువులు చదివిన పెద్దమనుషులూ. వాళ్ళకీ చెప్పాలి, కాదనను. మా అమ్మమ్మ దాకా వచ్చింది మాత్రం పాటే.

ఎం.వి.పి. కాలనీ:

చర్చ బాగుంది గానీ, ఆ మురీ మిక్చర్ బండి ఎక్కడ పెడతాడో కాస్త చెబుతారా?

పెదవాల్తేరు:

అమ్మమ్మ సంగతి చదివాక ఏం అనాలో తోచడం లేదు. కానీ ఒక అనుమానం. పాట విని అందరూ ఏడ్చారు, తర్వాత మళ్ళీ పిల్లలకి పెళ్ళిళ్ళు చేశారు. ఏడిస్తే బరువు దిగిపోతుంది, మనం మంచివాళ్ళమే అనిపిస్తుంది. అంకెతో ఆ సుఖం లేదు. అందుకే నా ఓటు ఇంకా ఆడిటర్ గారికే.

తెలుగు పంతులమ్మ:

ఇది మంచి పాయింటు. దీనికి నా దగ్గర చప్పున సమాధానం లేదు. ఆలోచించి రాస్తాను.

మద్దిలపాలెం ఆడిటర్:

నిన్న ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని పూర్ణమ్మ మళ్ళీ చదివాను. నా వాదన మొత్తం వదులుకోవడం లేదు, అది ముందే చెబుతున్నాను. లెక్క కట్టడం చిన్న పని కాదు. ఆ రోజుల్లో ఇంటింటి సంగతి కనుక్కుని, సిగ్గుపడి దాచే వయసుల్ని కాగితం మీద పెట్టించడమంటే ఎంత పట్టుదల ఉండాలో నాకు తెలుసు, నా ఉద్యోగం అదే. ఇంగ్లీషు గురించి గాజువాక తమ్ముడు అన్నదీ నిజమే. చట్టాలు చేసేవాళ్ళ చేతికి వెళ్ళాల్సిన కాగితం అది, ఆ భాషలోనే ఉండాలి.

కానీ ఒకటి గమనించాను. పీఠికలో ఆ ముగ్గురు పిల్లల పేర్లు లేవు. పేరున్నది పూర్ణమ్మకే. ఆమె ఏమో కల్పన.

రాత్రి మా పాపకి పడుకునే ముందు పైకి చదివాను. దానికి ఇప్పుడు ఐదేళ్ళు. సగం మాటలు అర్థం కాలేదు, పాటలా ఉందని వింది. అయిపోయాక "పూర్ణమ్మ ఎటెళ్ళింది నాన్నా?" అంది. కొలను అనే మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "దుర్గ దగ్గరకి" అన్నాను.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

గాజువాక నైట్ షిఫ్ట్:

ఏం చెప్పారు గురూ?

మద్దిలపాలెం ఆడిటర్:

లైటు ఆపేశాను.