సైకిల్ రైడ్‌లో స్ప్రింట్ ఛాలెంజ్ పెట్టాలా, వద్దా?

కొర్లగుంట రైడర్
అందరికీ నమస్కారం. తిరుపతిలో మన ఆదివారం సైకిల్ రైడ్ వచ్చే నెల మళ్లీ ఉంది. దాన్ని జరిపే వాలంటీర్లలో నేనూ ఒకణ్ని. ఒక్క విషయంలో మాలో మాకే పొసగడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పోయినసారి రైడ్ ముగిసే చోట షామియానా వేసి రెండు ఇండోర్ సైకిళ్లు పెట్టాం. ఎక్కినవాళ్లు పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి. ఎంత బలంగా తొక్కారో చెప్పే వాట్లు ఎదురుగా టీవీలో పడతాయి. ఎక్కువ వచ్చినవాళ్లకు మెడల్. జనం క్యూ కట్టారు. రైడ్‌కి వచ్చినవాళ్లే కాదు, దారిన పోయేవాళ్లు కూడా ఆగారు.

వాళ్లలో పూలమాలలు కట్టి అమ్ముకునే ఒకామె ఉంది. బుట్ట పక్కన పెట్టి, "ఇది తొక్కితే యాడికీ పోదా నాయనా?" అని అడిగింది. పోదమ్మా, ఉన్నచోటే అన్నాను. "అయితే తొక్కతా" అనింది. కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు విడిచి ఎక్కింది. సీటు చివరంటా దించినా పెడల్‌కి ఆమె కాలి వేళ్లే అందాయి. పది సెకన్లు అయిపోయినా ఆపలేదు, ఇంకాసేపు అట్లాగే తొక్కుతూ కూర్చుంది. దిగాక, "మా నాయన సైకిల్‌కి కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని, మళ్లీ ఇప్పుడే" అంది.

అదే రోజు యాభై దాటిన ఒకాయన పక్కనున్న కుర్రాడితో పోటీ పడి తొక్కారు. బెల్ కొట్టగానే టక్కున దిగారు. రెండడుగులు వేసి షామియానా గుంజ పట్టుకున్నారు, ముఖం తెల్లబోయింది. కింద కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. పది నిమిషాలకు తేరుకున్నారు. ఆ పది నిమిషాలు మాకు గంటలా గడిచింది.

మా గ్రూపులో సగంమంది మళ్లీ పెట్టాలంటున్నారు, సగంమంది వద్దంటున్నారు. నా మనసు పెట్టమనే చెబుతోంది. ఆయన ముఖం గుర్తొస్తే మాత్రం టెన్షన్. మీరేమంటారు?

గాంధీ రోడ్డు మెకానిక్
వద్దు. సూటిగా చెప్తున్నా.

పోయినసారి రైడ్ మొదలయ్యే చోట నేను పొద్దున అయిదింటికే పంపు, పానాలు పెట్టుకుని కూర్చున్నా. ఒక పాప వచ్చింది, ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటుంది. బడికి పోయే ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన బడికొస్తా సైకిల్, అక్క వాడింది. వెనక బ్రేక్ వైరు తెగిపోయి ఎన్నాళ్లయిందో, చివర తుప్పు పట్టి ఉంది. ముందు బ్రేక్ షూ అరిగి ఇనుము రిమ్‌కి రాసుకుంటోంది. ఎట్లా ఆపుతావమ్మా అంటే కుడికాలు చూపించింది. చెప్పు అడుగు ఒక పక్కనే అరిగిపోయి ఉంది. వైరు, షూలు నా దగ్గర ఉన్నవే వేశాను. వెనక ఇంకా పది సైకిళ్లు నిలబడ్డాయి, అందరివీ చూసేలోపే రైడ్ వెళ్లిపోయింది.

ఆ రెండు మిషన్లకు అద్దె, లారీ కిరాయి, టీవీకి జనరేటర్. ఆ డబ్బుతో ఇద్దరు కుర్రాళ్లను నా పక్కన కూర్చోబెట్టి ఉంటే వచ్చిన ప్రతి సైకిల్‌కీ బ్రేకు పడేది. కదలని సైకిల్‌కి అంత చేశారు, కదిలే సైకిల్‌కి ఏం చేశారన్నా?

ఎస్వీయూ హాస్టల్
మెకానిక్ అన్నా, మీ కోపం న్యాయమే. కానీ నేను పెట్టాలనే అంటాను. కారణం నా తప్పే.

అంతకుముందు రైడ్‌లో ఈ ఛాలెంజ్ లేదు. ఎయిర్ బైపాస్ రోడ్డు మీద మా హాస్టల్ వాళ్లం నలుగురం రేస్ పెట్టుకున్నాం. మనవణ్ని ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని వస్తున్న ఒక తాతను నేను ఎడమ పక్క నుంచి దాటాను. ఆయన హ్యాండిల్ వణికింది. పడలేదు, అంతే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మా వయసులో పక్కవాడి కన్నా ముందు పోవాలని ఉంటుంది. ఆ కోరికను రోడ్డు మీద తీర్చుకుంటే ఎవరికో తగులుతుంది. పైగా మన ఊరి ఆదివారం సంగతి తెలిసిందే. అలిపిరి వైపు యాత్రికుల బస్సులు, జీపులు ఆగవు, మన రైడ్ కోసం రోడ్డు మూయరు. పోయినసారి షామియానా కింద తేల్చుకుందామని ముందే అనుకున్నాం కాబట్టి రైడ్ అంతా బుద్ధిగా వరసలో వచ్చాం. మీరు దాన్ని కదలని సైకిల్ అన్నారు. నేనైతే రోడ్డు మీది రేస్‌ను తీసుకొచ్చి కట్టేసిన గుంజ అంటాను.

చిత్తూరు ఫిజియో
రైడర్ గారూ, ఆ పెద్దాయనకు జరిగింది ఏమిటో ముందు చెప్తాను. ఎందుకంటే దాన్ని చాలావరకు ఆపవచ్చు.

గట్టిగా తొక్కేటప్పుడు తొడల్లో, పిక్కల్లో రక్తనాళాలు బాగా తెరుచుకుంటాయి. కాళ్లు ఆడుతున్నంతసేపు ఆ కండరాలే పంపులా పనిచేసి రక్తాన్ని పైకి నెడతాయి. టక్కున ఆపి దిగి నిలబడితే పంపు ఆగిపోతుంది, రక్తం కాళ్లలోనే నిలుస్తుంది, మెదడుకు తగ్గుతుంది. కళ్లు తిరుగుతాయి. దానికి తోడు రోడ్డు మీద ఉండే గాలి షామియానా కింద ఉండదు, చెమట ఆరదు. బెల్ కొట్టాక మూడు నిమిషాలు తేలిగ్గా తొక్కించాకే దించాలి. మీ పూలామె తనకు తెలియకుండానే చేసిన పని అదే.

ఇంకో భయం మాత్రం ఇంత తేలికది కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే అరవై ఏళ్లవాళ్లను రోజూ చూస్తున్నాం. వాళ్లు ఆగి, కూర్చుని, గోవింద నామం చెప్పుకుంటూ తమ వేగంలో ఎక్కుతారు. కొండ ఎక్కినవాణ్ని, ఈ పది సెకన్లు నాకొక లెక్కా అనుకుంటారు. రెండూ వేరు. వ్యాయామం అలవాటు లేని శరీరం ఒక్కసారిగా పూర్తి బలం పెడితే గుండెపోటు ముప్పు ఆ కాసేపు పెరుగుతుంది. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అని అడగకుండా ఎవరినీ ఎక్కించకండి. సీపీఆర్ తెలిసిన మనిషి షామియానాలోనే ఉండాలి, ఫోన్ చేస్తే వచ్చేలా కాదు.

ఆ వాట్ల మీద మోజు గురించి కూడా ఒక మాట. 746 వాట్లు అంటే ఒక హార్స్ పవర్. పది సెకన్ల పాటు 700 వాట్లు మన కుర్రాళ్లలో బలమైనవాళ్లు తెస్తారు. కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ ఇంధనం దానికి సరిపోతుంది. అది అయిపోయాక తెలుస్తుంది అసలు కష్టం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్ కాంస్యం గెలిచిన జర్మన్ సైక్లిస్ట్ రాబర్ట్ ఫోర్‌స్టెమాన్ 2015లో సైకిల్ తొక్కి 700 వాట్ల టోస్టర్ నడిపాడు. ఒక నిమిషం. ఒక బ్రెడ్ ముక్క కాలేసరికి నేల మీద పడిపోయాడు. పది సెకన్ల అంకె చూసి ఎవరూ తమ ఆరోగ్యాన్ని అంచనా వేసుకోవద్దు. ఆ పది సెకన్లకు ఖర్చయ్యేది ఏడెనిమిది కిలో క్యాలరీలు, ఒక ఇడ్లీలో చిన్న ముక్క.

రిటైర్డ్ పీఈటీ
ముప్పై ఏళ్లు పిల్లలను ఆడించినవాణ్ని, నేను పెట్టమంటాను.

ఇదేదో నిన్న మొన్న జిమ్‌లవాళ్లు కనిపెట్టిన తమాషా కాదు. 1899లో రైలు వెనక ఒక మైలును నిమిషంలోపు తొక్కిన అమెరికన్ చార్లెస్ మర్ఫీ, నల్లజాతి ప్రపంచ చాంపియన్ మేజర్ టేలర్ ఇద్దరూ నాటకశాల వేదికల మీద, చక్రాలు ఉన్నచోటే తిరిగే రోలర్లపై పోటీపడ్డారు. వాన, చలి, రోడ్డు ఏదీ అడ్డు రాదు. కూర్చున్నవాళ్లందరికీ పోటీ మొత్తం కనిపిస్తుంది.

నాకు ముఖ్యం పిల్లలు. 2018లో అండమాన్ కుర్రాడు ఎసో ఆల్బెన్ జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో కీరిన్ అనే స్ప్రింట్ రేసులో రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది అతను, మణిపుర్ పిల్లలు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం తెచ్చారు. మన పల్లెల్లో పాల క్యాన్లు కట్టుకుని తొక్కే పిల్లల కాళ్లలో ఏముందో ఎవరు చూశారు? మంచి సైకిల్ కొనలేనివాడు కూడా ఆ మిషన్ ఎక్కితే ధనవంతుడి పిల్లవాడితో సమానం. రోడ్డు మీద ఆ సమానత్వం రాదు. ఆస్ట్రేలియా అబ్బాయి జే వైన్ ఇంట్లో ట్రైనర్ అనే స్టాండుకు సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే ఆన్‌లైన్ పోటీ గెలిచే ప్రొఫెషనల్ జట్టులో చేరాడు, 2022లో స్పెయిన్‌లో జరిగే పెద్ద రోడ్డు రేసు వుయెల్టాలో రెండు స్టేజీలు గెలిచాడు. దారి ఉంది, మన పిల్లలకు చూపేవాళ్లు కావాలి.

తిరుచానూరు వాసి
మాస్టారూ, సమానం అన్నారు. ఆ రోజు క్యూలో నేనున్నాను, నేను చూసింది చెప్తాను.

బరువైనవాళ్లకే ఎక్కువ వాట్లు వస్తున్నాయి, అన్యాయం అని ఎవరో గొడవ చేశారు. అప్పుడు కిలోకి ఎన్ని వాట్లు అని లెక్క వేద్దామన్నారు. ఎక్కడి నుంచో తూకం మిషన్ తెచ్చారు. చెప్పులు విప్పి ఎక్కమనడం, మైకులో ఉన్నాయన పేరుతో పాటు బరువు కూడా చదవడం. నా ముందు ఇద్దరు ఇంటర్ అమ్మాయిలున్నారు. మొదటి అమ్మాయి బరువు చదవగానే వెనక కుర్రాళ్లు ఈల వేశారు. రెండో అమ్మాయి చున్నీ సర్దుకుని, ఏమీ మాట్లాడకుండా క్యూలోంచి వెళ్లిపోయింది. నేనూ వెళ్లిపోయాను. మైకాయనకు చెడ్డ ఉద్దేశం లేదు, నాకు తెలుసు. ఆ తర్వాత క్యూలో ఒక్క ఆడపిల్ల కూడా నిలబడలేదు, అదీ నేను చూశాను.

రైడ్‌లో అయితే నన్ను ఎవరూ కొలవలేదు. పొద్దున్నే చల్లగాలిలో పదిమంది ఆడవాళ్లం మాట్లాడుకుంటూ తొక్కాం. నాకు కావలసింది అది. దాని చివర తీసుకెళ్లి తూకం మీద నిలబెడతారంటే రైడ్‌కి కూడా రాబుద్ధి కాదు.

కొర్లగుంట రైడర్
అక్కా, నేను ఆ పక్కనే సీట్లు సర్దుతున్నాను, ఈల విన్నాను, ఏమీ అనలేదు. తప్పు నాదీ ఉంది. క్షమించండి.

ఎస్వీయూ హాస్టల్
వాట్లే వద్దు, గోల్డ్‌స్ప్రింట్ పెడదాం. ముందు చక్రం తీసి ఫోర్క్‌ను స్టాండుకు బిగిస్తారు, వెనక చక్రం రోలర్ మీద తిరుగుతుంది. రోలర్ ఎన్ని చుట్లు తిరిగిందో సెన్సర్ లెక్కపెడుతుంది. తెర మీద ఎరుపు ముల్లు ఒకరిది, నీలం ముల్లు ఒకరిది. 250 మీటర్లు ముందు ఎవరు పూర్తి చేస్తే వాళ్లు. బరువు అడగక్కర్లేదు. లోడ్ తక్కువ కాబట్టి కాళ్లు వేగంగా ఆడించగలిగినవాళ్లదే గెలుపు, సన్నటివాళ్లు కూడా గెలుస్తారు. వయసులవారీగా జోడీలు వేస్తే యాభై ఏళ్లాయన ఇరవై ఏళ్లవాడితో పంతానికి పోడు.

చిత్తూరు ఫిజియో
ఇది మేలు. ఒక జాగ్రత్త. కొన్ని జిమ్ సైకిళ్లకు ఫ్రీవీల్ ఉండదు, కాళ్లు ఆపినా పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. పాదం జారితే పెడల్ వచ్చి మోకాలి కింద ఎముకకు కొడుతుంది. రోలర్ మీద పెట్టే సైకిల్‌కి ఫ్రీవీల్, చైన్ కవర్ రెండూ ఉండేలా చూడండి. చీరలు, చున్నీలతో వస్తారు.

గాంధీ రోడ్డు మెకానిక్
రోలర్లకు అద్దె ఎందుకు? పైపు, బేరింగులు కొనిస్తే లేత్ దగ్గర తిప్పించి నేను బిగిస్తా. సెన్సర్, తెర సంగతి హాస్టల్ తమ్ముడు చూసుకోవాలి. దాంతో లారీ, జనరేటర్ ఖర్చు మిగులుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ చాలు.

కానీ ఒక షరతు. ఆ మిగిలిన డబ్బు బ్రేకులకే పోవాలి. పొద్దున నా దగ్గర బ్రేకు చూపించి టోకెన్ తీసుకున్నవాళ్లనే సాయంత్రమైనా, మధ్యాహ్నమైనా రోలర్ ఎక్కించండి. రోలర్ ఆశతోనైనా పిల్లలు సైకిల్ తెచ్చి చూపిస్తారు. టోకెన్ లేదంటే నేను బేరింగు కూడా ముట్టను.

కొర్లగుంట రైడర్
అన్నా, రోలర్లు మీరు చేస్తానన్నందుకు చాలా సంతోషం. టోకెన్ దగ్గరే నాకు మింగుడు పడటం లేదు. పూలామెకు సైకిలే లేదు. ఆమె లాంటివాళ్లను టోకెన్ అడిగితే బుట్ట ఎత్తుకుని వెళ్లిపోతారు. నేను ఛాలెంజ్ ఉండాలనేది వాళ్ల కోసమే.

నిన్న ఆమె బజార్లో కనిపించింది. నన్ను గుర్తుపట్టి, మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగింది. రైడ్‌కే రండమ్మా అన్నాను. సైకిల్ ఎవరిస్తారు నాయనా అంది. మా అమ్మాయి సైకిల్ ఉంది, ఎత్తు తక్కువదే.

గాంధీ రోడ్డు మెకానిక్
ఆ సైకిల్ శనివారం నా దగ్గరికి తీసుకురా. ఓవరాలింగ్ చేసి ఇస్తా, డబ్బులొద్దు. ఆమెకు టోకెన్ అక్కర్లేదు. సైకిల్ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు.

రిటైర్డ్ పీఈటీ
పిల్లల జోడీలు నేను వేస్తాను. ఒక్కొక్కరి టైము నోట్‌బుక్‌లో రాసుకుంటాను, మైకులో చదవను.

తిరుచానూరు వాసి
నేను వస్తాను. వెళ్లిపోయిన ఆ అమ్మాయి మా వీధిదే, తననూ అడుగుతాను. షామియానాలో తూకం మిషన్ కనిపిస్తే మాత్రం ఇద్దరం అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాం.