ఒకే ప్యూర్ డేటా ప్యాచ్ రాస్ప్‌బెర్రీ పై, బేలా, డైసీ బోర్డులు మూడింటిలో నడవాలంటే?

ప్రశ్న:
ప్యూర్ డేటాలో (పీడీ, అంటే ఆబ్జెక్టులనే పెట్టెలను గీతలతో కలిపి ధ్వని ప్రోగ్రాములు చేసే సాఫ్ట్‌వేర్) ఒక డిలే ప్యాచ్, అంటే ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే ప్రోగ్రాము, చేశాను. రాస్ప్‌బెర్రీ పై 4లో (64 బిట్ ఓఎస్) హాయిగా మోగుతోంది. ఇద్దరు స్నేహితులు అడుగుతున్నారు. ఒకరిది బేలా, ఇంకొకరిది డైసీ సీడ్, రెండూ ధ్వని పనుల కోసం చేసిన చిన్న బోర్డులు. బేలాలో ‘కుడ్‌నాట్ క్రియేట్’ (ఆ ఆబ్జెక్టును తయారు చేయలేకపోయాను) అంటూ ఎర్రర్లు వస్తున్నాయి, డైసీలోకి అసలు ఎలా ఎక్కించాలో తెలియలేదు. ఒక్కో బోర్డుకు ఒక్కో ప్యాచ్ రాయాల్సిందేనా?

జవాబు 1:
అక్కర్లేదండీ. పీడీ ఫైలు ఉత్త టెక్స్ట్, ఎక్కడికైనా వెళ్తుంది. వెళ్లనివి ఎక్స్‌టర్నల్స్, అంటే బయటి నుంచి తెచ్చి చేర్చుకునే ఆబ్జెక్టులు. అవి ఒక్కో ప్రాసెసర్‌కి విడిగా కంపైల్ చేసినవి. మీ 64 బిట్ పైలో నడిచే ఎక్స్‌టర్నల్, బీగల్‌బోన్ బ్లాక్ మీద నడిచే బేలాలో లోడ్ కాదు. అది 32 బిట్. అందుకే పంచుకునే ప్యాచ్‌లో వెనిల్లా ఆబ్జెక్టులే (పీడీతో పాటే వచ్చేవి) వాడమని ఎవరడిగినా చెప్తాను. డిలేకి డెల్‌రైట్~, డెల్‌రీడ్4~ చాలు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ధ్వని తయారయ్యే భాగాన్నంతా ఒక అబ్‌స్ట్రాక్షన్‌గా, అంటే వేరే ప్యాచ్‌లో ఆబ్జెక్టులా వాడుకోగల విడి పీడీ ఫైలుగా, విడదీయండి. అందులో ఏడీసీ~ (బోర్డు నుంచి సిగ్నల్ తీసుకునేది), డీఏసీ~ (బోర్డుకు ధ్వని పంపేది), మిడీ (కీబోర్డులు, నాబ్‌ల నుంచి సంఖ్యలు పంపే పద్ధతి) ఏవీ ఉండకూడదు. ఆడియోకి ఇన్‌లెట్లు (లోపలికి దారులు), అవుట్‌లెట్లు (బయటికి దారులు), ప్రతి నాబ్‌కీ 0 నుంచి 1 వరకు విలువ తీసుకునే ఒక ఇన్‌లెట్, అంతే. బోర్డు సంగతులన్నీ బయటి చిన్న ప్యాచ్ చూసుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో మిడీ నుంచి వచ్చే 0–127ని 127తో భాగించి పంపండి. బేలాలో నాబ్ ఏడీసీ~ 3వ ఛానెల్ నుంచి సిగ్నల్‌గా వస్తుంది, దాన్ని స్నాప్‌షాట్~తో సంఖ్యగా మార్చండి. రేపు ఇంకో బోర్డు వచ్చినా ఈ బయటి తొడుగు ఒక్కటే మారుతుంది. ఈ పద్ధతి అందరూ పాటిస్తే ఎంత బాగుంటుందో!

డైసీలో లినక్స్ లేదు, కాబట్టి పీడీ నేరుగా నడవదు. హెచ్‌వీసీసీ అనే కంపైలర్ మీ ప్యాచ్‌ని సీ++గా మారుస్తుంది. దానికి వెనిల్లాలో కొన్ని ఆబ్జెక్టులే తెలుసు, సౌండ్ ఫైళ్లు చదివే సౌండ్‌ఫైలర్, రీడ్‌ఎస్‌ఎఫ్~ లాంటివి లేవు. అందుకని ముందు హెచ్‌వీసీసీ ఒప్పుకునే ఆబ్జెక్టుల జాబితా చూసుకుని, ఆ హద్దులోనే లోపలి భాగం కట్టండి. అక్కడ నడిస్తే మిగతా రెండింటిలో ఇబ్బంది ఉండదు.

జవాబు 2:
శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్య) కూడా చూసుకోండి. బేలాలో 44.1 కిలోహెర్ట్జ్, డైసీలో మామూలుగా 48. డిలే మిల్లీసెకన్లలోనే కాబట్టి పర్వాలేదు, కానీ ఎక్కడైనా 44100 అని నేరుగా రాసి ఉంటే తీసేసి, అప్పటి రేటును చెప్పే శాంపిల్‌రేట్~ పెట్టండి. ఫైలు పేర్లన్నీ చిన్న (లోయర్‌కేస్) ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి. విండోస్ పట్టించుకోని తేడాని లినక్స్ పట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! అడ్డుపడింది ఫ్రీవర్బ్~, రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) ఇచ్చే ఎక్స్‌టర్నల్. అది తీసేశాక బేలాలో వెంటనే మోగింది. కానీ రివర్బ్ కావాలి, దాని బదులు రెవ్3~ పెట్టొచ్చా?

జవాబు 1:
బేలాకి పెట్టొచ్చు. అది కూడా ఒక పీడీ ఫైలే, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి పంపండి. డైసీకి మాత్రం దాన్ని తెరిచి, లోపల ఉన్న ప్రతి ఆబ్జెక్టూ ఆ జాబితాలో ఉందో లేదో చూశాకే వాడండి.