గన్నవరమా, అమరావతా: 25 ఏళ్ల అంచనా సాఫ్ట్‌వేర్‌ను నమ్మి భూమి తీసుకోవచ్చా?

కృష్ణాతీరం:
గన్నవరం రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది. ఇప్పుడు అమరావతిలో ఇంకో ఎయిర్‌పోర్టు అంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఒక్క అంకెను పట్టుకుని రైతు భూమి అడగడం తప్పని నా వాదన. ఉదాహరణకు ఏడాదికి 10 లక్షల మంది ఎక్కి దిగుతున్నారనుకుందాం. వృద్ధి 5 శాతమైతే 25 ఏళ్లకు 34 లక్షలు, 8 శాతమైతే 68 లక్షలు. మూడు శాతం తేడాకే టెర్మినల్ రెండింతలు!

గుంటూరు సివిల్:
టెర్మినల్ సైజు తేల్చేది ఏడాది లెక్క కాదండీ, రద్దీ గంట. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పట్టికలో, ఏడాది సంఖ్య 5 నుంచి 10 లక్షల లోపైతే అందులో 0.08 శాతం మంది రద్దీ గంటలో ఉంటారని లెక్క, 10 లక్షల నుంచి కోటి లోపైతే 0.05 శాతం. అంటే 9.9 లక్షలకు గంటకు 792 మంది, 10 లక్షలకు 500 మంది. ప్రయాణికులు పెరిగితే హాలు చిన్నదవుతుందా? ఆ మెట్టు దగ్గర సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, మనమే పట్టుకోవాలి. ఈ శాతాలు పక్కనపెట్టి, విమానాల షెడ్యూలును పది నిమిషాల ముక్కలుగా కోసి లెక్కపెట్టండి. 180 సీట్ల విమానాలు రెండు వెంటవెంటనే దిగితే సామాన్ల బెల్టు దగ్గర 360 మంది. సగటులో వాళ్లు కనబడరు.

ఏలూరు కాలవ:
అన్ని లెక్కలూ అంత గాలివాటం కావు. రన్‌వే పొడవు చూడండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పద్ధతిలో ప్రామాణిక ఉష్ణోగ్రతకు పైన ప్రతి డిగ్రీకీ 1 శాతం కలపాలి. సముద్రమట్టంలో అది 15 డిగ్రీలు. మన మే ఎండ 40 అనుకుంటే 2,500 మీటర్ల రన్‌వే 3,125 అవుతుంది. ఈ అంకెను నమ్మి భూమి అట్టిపెట్టొచ్చు. ఆలస్యమైతే చుట్టూ ఇళ్లు లేస్తాయి.

కృష్ణాతీరం:
గన్నవరానికి సరే. అమరావతికి? కెనడాలోని మాంట్రియల్‌లో 1975లో మిరాబెల్ అనే కొత్త ఎయిర్‌పోర్టు తెరిచి, అంతర్జాతీయ విమానాలు అక్కడికి, దేశీయ విమానాలు పాత ఎయిర్‌పోర్టు డోర్వాల్‌కి పంచారు. విమానం మారాల్సినవాళ్లు ఆ ఊరే మానుకున్నారు. 2004లో మిరాబెల్‌కు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి.

గుంటూరు సివిల్:
అందుకే మన కేంద్రం 2008 గ్రీన్‌ఫీల్డ్ (ఖాళీ నేల మీద కొత్తగా కట్టే ఎయిర్‌పోర్టుల) విధానంలో, పాత ఎయిర్‌పోర్టుకు 150 కిలోమీటర్ల లోపు కొత్తది పెడితే పాతదాని మీద ప్రభావం చూడాలన్నారు. నేనైతే సాఫ్ట్‌వేర్‌ను "2050లో ఎంతమంది?" అని అడగను. "రద్దీ గంట సామర్థ్యంలో 80 శాతం ఏ ఏడు దాటుతుంది?" అని తక్కువ, మధ్య, ఎక్కువ వృద్ధులకు విడివిడిగా అడుగుతా. మూడింట్లోనూ గన్నవరం ముందే నిండితేనే అమరావతి ఫైలు కదలాలి.

ఏలూరు కాలవ:
80 శాతం దాకా ఆగితే కట్టేలోపు 100 దాటుతుందండీ. భూసేకరణకూ నిర్మాణానికీ పట్టే ఏళ్లు లెక్కేసి, గీతను 65 దగ్గర గీయండి.