పైరేట్ గేమ్‌లో మ్యాజిక్ పెడితే సముద్రానికి విలువ ఉంటుందా?

తెరచాప:

మా గ్రూపులో కొత్త పైరేట్ క్యాంపెయిన్ (పాచికలతో, మాటలతో చాలా సెషన్లు నడిచే కథ ఆట) మొదలవుతోంది. ఆట నడిపే జీఎం నేనే. కాలం 1717 చివర, చోటు బహామాస్‌లోని నసావు. లొంగిపోయిన పైరేట్లకు శిక్ష మాఫీ అని బ్రిటన్ రాజు జార్జ్ ఆ సెప్టెంబర్‌లోనే ప్రకటించాడు. 1718 జూలైలో వుడ్స్ రోజర్స్ గవర్నర్‌గా వచ్చి దిగుతాడు. ఈ మధ్యలో ఎవరు లొంగుతారు, ఎవరు మొండికేస్తారు అన్నదే కథ. రూల్స్ మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్, 2014 నాటివి.

ఇంకా పాచిక వెయ్యనే లేదు, అప్పుడే గొడవ. ఇద్దరు ప్లేయర్లు మ్యాజిక్ మొత్తం తీసెయ్యమంటున్నారు. ఇంకో ఇద్దరు క్రాకెన్ అనే సముద్ర రాక్షసి, దెయ్యాల ఓడ లేకపోతే రామంటున్నారు. ఐదో ప్లేయర్ "మరి బానిసల ఓడల సంగతేంటి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఇలాంటి గేమ్ నడిపినవాళ్లు చెప్పండి, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

దిక్సూచి:

మ్యాజిక్ తీసెయ్యండి. సగం సగం కాదు, పూర్తిగా.

సముద్రం మీద అసలు శత్రువెవరు? నీళ్లు అయిపోవడం, గాలి ఆగిపోవడం, మనం ఎక్కడున్నామో మనకే తెలియకపోవడం. 1707లో బ్రిటన్ నావికాదళం ఓడలు నాలుగు సిలీ దీవుల దగ్గర రాళ్లకు కొట్టుకుని మునిగాయి. అడ్మిరల్ షోవెల్ కూడా పోయాడు. కారణం శత్రువు కాదు, ఎక్కడున్నామన్న లెక్క తప్పింది. రేఖాంశం కనిపెట్టే పద్ధతి చెప్పినవాడికి 20,000 పౌండ్ల దాకా ఇస్తామని పార్లమెంటు 1714లో చట్టమే చేసింది. 1740లో బ్రిటిష్ నావికాదళం కమడోర్ యాన్సన్ సుమారు 1,900 మందితో బయల్దేరితే దాదాపు 1,400 మంది పోయారు. ఎక్కువమందిని తిన్నది స్కర్వీ, తాజా పళ్లూ కూరలూ లేక వచ్చే రోగం. శత్రువు చేతిలో చచ్చింది నలుగురు.

ఇప్పుడు ఈ ఓడలోకి ఒక క్లెరిక్‌ని, అంటే మంత్రాలు (స్పెల్స్) వేసే పూజారిని, ఎక్కించండి. క్రియేట్ వాటర్‌తో నీళ్లు వచ్చేశాయి. డ్రూయిడ్ గుడ్‌బెర్రీ వేస్తే తిండి సమస్య తీరిపోయింది. లెసర్ రెస్టొరేషన్‌తో రోగం పోయింది. ఇంక మిగిలిందేంటి? నీలం రంగు వేసిన మైదానం మీద కత్తియుద్ధం. దానికి ఓడ ఎందుకు, సత్రం చాలు.

రెండో_పాచిక:

దిక్సూచి గారూ, మీరు చెప్పిన స్పెల్స్ అన్నీ నిజమే. లెక్క మాత్రం వెయ్యలేదు.

స్లాట్ అంటే రోజుకు ఇన్ని స్పెల్సే వెయ్యొచ్చన్న లెక్క. క్రియేట్ వాటర్ ఫస్ట్ లెవెల్ స్లాట్‌లో వేస్తే పది గ్యాలన్లు. స్లాట్ ఒక్కో లెవెల్ పెరిగితే ఇంకో పది. ఐదో లెవెల్ క్లెరిక్‌కి నాలుగు ఫస్ట్, మూడు సెకండ్, రెండు థర్డ్ స్లాట్లు. అన్నీ నీళ్లకే పోస్తే 40, 60, 60, మొత్తం 160 గ్యాలన్లు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ అని రూల్. ఎండలో అయితే రెండు. అంటే కరీబియన్ ఎండలో 80 మందికి సరిపోతాయి. పైరేట్ ఓడలో 80 మంది పెద్ద విషయమే కాదు, అంతకన్నా ఎక్కువే ఉండేవాళ్లు. ఆ రోజు ఆ క్లెరిక్ ఒక్క గాయం కూడా మాన్పలేడు. తెల్లారితే మళ్లీ అదే పని.

ఇక్కడ టెన్షన్ ఎక్కడికీ పోలేదు, పీపాల్లోంచి ఒక మనిషి మెడకు చుట్టుకుంది. శత్రువు మొదటి గుండు ఎవరికి గురిపెడతాడు? తిరుగుబాటు చేసేవాళ్లు ముందు ఎవరిని పట్టుకుంటారు? గాయపడ్డ కెప్టెన్‌కి వైద్యమా, దాహంతో ఉన్న 80 మందికి నీళ్లా? నా టేబుల్ మీద దీని మీద ఓటింగ్ పెట్టించాను. కెప్టెన్ ఓడిపోయాడు.

స్కర్వీ సంగతికొస్తే, స్పెల్ రోగాన్ని పోగొడుతుంది కానీ తిండిని మార్చదు. వట్టి బిస్కెట్లు, ఉప్పు మాంసమే మళ్లీ తింటే కొన్ని వారాల్లో చిగుళ్లు మళ్లీ వాస్తాయి. రూల్ పుస్తకంలో ఇది లేదు, నేను పెట్టుకున్నది.

ఇంకోటి. 1718 మేలో పైరేట్ కెప్టెన్ బ్లాక్‌బియర్డ్ అమెరికాలోని చార్ల్స్‌టన్ రేవును దిగ్బంధం చేసి, జనాన్ని బందీలుగా పట్టుకుని అడిగింది బంగారం కాదు, ఒక మందుల పెట్టె. 1996లో దొరికిన అతని ఓడ శిథిలాల్లో పాదరసం ఆనవాళ్లున్న సిరంజి బయటపడింది, కాబట్టి సిఫిలిస్ లాంటి రోగానికని ఊహించుకోవచ్చు. మ్యాజిక్ ఉన్న లోకంలో ఇదే ఘట్టం పెడితే అతను మందుల పెట్టె అడగడు. "మీ గుడిలో ఉన్న పూజారిని పంపండి" అంటాడు. ఇంత మంచి సెషన్‌ని మ్యాజిక్ తీసేసి పోగొట్టుకుంటామా?

దిక్సూచి:

80 మంది లెక్క బాగుంది, ఒప్పుకుంటా. కానీ తొమ్మిదో లెవెల్ వచ్చాక ఆ లెక్క నిలవదు. స్లాట్లు పెరిగే కొద్దీ మీ టెన్షన్ కరిగిపోతుంది. ఫైర్‌బాల్ (నిప్పుల బంతి) స్పెల్ సంగతి కూడా చెప్పండి. చెక్క ఓడ, తారు పూసిన తాళ్లు, లోపల మందుగుండు. దాన్ని వేసే మంత్రగాడు, విజార్డ్, ఒక్కడుంటే ఫిరంగులు దండగ.

రెండో_పాచిక:

ఫైర్‌బాల్ 150 అడుగుల దూరం పోతుంది. జీఎంల రూల్ పుస్తకం డీఎంజీలో ఫిరంగి 600 అడుగుల దాకా ఇబ్బంది లేకుండా కొడుతుంది, గురి సరిగా లేకపోయినా 2,400 దాకా పోతుంది. విజార్డ్ దగ్గరకొచ్చేలోపు ఎన్ని గుండ్లు తినాలో చూసుకోండి. పైగా పైరేట్‌కి కావలసింది సరుకు, బూడిద కాదు. పైరేట్ కెప్టెన్ బార్తలోమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల్లో రాత్రి ఎనిమిదికి దీపాలు, కొవ్వొత్తులు ఆర్పెయ్యాలని ఉంది. కొవ్వొత్తికే భయపడే మనుషుల మధ్య నిప్పు విసిరేవాణ్ని ఎవరు నిద్రపోనిస్తారు?

లెవెల్స్ మాట నిజమే. నేను ఏడో లెవెల్ దగ్గర క్యాంపెయిన్ ఆపేస్తాను.

అడుగుతడి:

ఇద్దరూ స్పెల్స్ దగ్గరే ఆగిపోయారు, జంతువుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

క్రాకెన్ ఛాలెంజ్ రేటింగ్ (గెలవడం ఎంత కష్టమో చెప్పే అంకె) 23, హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) 472. రెండో_పాచిక గారు చెప్పినట్టు ఏడో లెవెల్‌లో ఆపేస్తే దాంతో యుద్ధం అనే మాటే లేదు. చాలామంది జీఎంలు దాన్ని కోసి చిన్నది చేసి ఐదో లెవెల్ పార్టీ ముందు పడేస్తారు. అది క్రాకెన్ కాదు, పెద్ద ఆక్టోపస్.

1750లలో నార్వే బిషప్ పాంటాపిడాన్ రాసిన క్రాకెన్ ఓడ మీదకు ఎగబడే జంతువు కాదు. నీళ్ల మీదకు వస్తే దీవుల్లా కనిపిస్తుంది. దాని పైన చేపలు విపరీతంగా చేరతాయి, అందుకే జాలర్లు కావాలనే అక్కడికి వెళ్తారు. ప్రమాదం అది కిందకు దిగేటప్పుడు లేచే సుడిలో ఉంది. అంటే అది ఒక చోటు. మ్యాపులో లేని, రేపు ఉండని చోటు. పార్టీకి తిండి అయిపోయినప్పుడు చూపించండి, లోతు కొలిచే తాడు ఒక్కోసారికీ తక్కువ తక్కువ చూపిస్తోందని చెప్పండి. వలలు నిండుతున్నాయి. ఇంకొంచెం ఉందామా, పోదామా? హిట్ పాయింట్ల అవసరమే రాదు.

నన్నడిగితే పైరేట్ గేమ్‌కి అసలైన రాక్షసి ఓడ పురుగు. వెచ్చటి నీళ్లలో చెక్కను లోపల్నుంచి తొలిచేస్తుంది. అందుకే ఓడను అప్పుడప్పుడు ఒడ్డుకు చేర్చి, ఫిరంగులు దించి, పక్కకు వాల్చి, అడుగు గీకి తారు పూసేవాళ్లు. ఆ కొన్ని రోజులు పైరేట్ అంత నిస్సహాయుడు ఇంకెవడూ ఉండడు. ఓడ పడుకుని ఉంది, ఫిరంగులు ఇసకలో ఉన్నాయి, దూరాన తెరచాప కనిపించింది. మెండింగ్ అనే చిన్న స్పెల్ ఒక్క అడుగు పగులునే అతుకుతుంది, వేల కన్నాలకు ఏం చేస్తుంది? దీనికి కొంచెం మాయ కలపాలంటే ఆ పురుగు ఇనుమునూ తింటుందని చెప్పండి చాలు.

గాలిమర:

మ్యాజిక్ ఉంచాలా తీసెయ్యాలా అని కొట్టుకునే బదులు నావికులు నమ్మిన మ్యాజిక్‌నే ఎందుకు వాడకూడదు?

ఉత్తర ఐరోపాలో గాలిని తాడులో ముడేసి అమ్మేవాళ్లన్న కథ పాతది. ఓలాస్ మాగ్నస్ 1555లోనే రాశాడు. మొదటి ముడి విప్పితే పిల్లగాలి, రెండోది విప్పితే గట్టి గాలి, మూడోది విప్పితే తుఫాను. గస్ట్ ఆఫ్ విండ్ అనే స్పెల్ తీసేసి ఈ తాడు ఇవ్వండి. మూడో ముడితో వచ్చే తుఫానుకు మన ఓడ, వాళ్ల ఓడ అనే తేడా ఉండదు. ఓడ మీద ఈల వేస్తే గాలి లేస్తుందన్న నమ్మకం ఉంది. కొంతమంది పిల్లలు పుట్టేటప్పుడు తల మీద సన్నటి పొరతో పుడతారు. అది దగ్గరుంటే నీళ్లలో మునిగి చావరని నావికులు డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు. వాటర్ బ్రీతింగ్ ఒక్కసారి వేస్తే పది మందికి 24 గంటలు పనిచేస్తుంది, దాని బదులు ఈ పొర ఒక్కటే ఇచ్చి చూడండి. పార్టీలో ఐదుగురు, పొర ఒకటి.

పాతపటం:

ఐదో ప్లేయర్ ప్రశ్నను అందరూ తప్పించుకున్నారు. నేను దాని గురించే రాస్తాను.

బ్లాక్‌బియర్డ్ ఓడ క్వీన్ యాన్స్ రివెంజ్ అసలు పేరు లా కాంకార్డ్. 1717 నవంబర్‌లో పట్టుకున్న ఫ్రెంచ్ బానిసల ఓడ. ఇంకో పైరేట్ బెల్లమీ ఓడ విదా గ్యాలీ కూడా బానిసల ఓడే. 1722 జనవరిలో రాబర్ట్స్ పశ్చిమ ఆఫ్రికాలోని విదా రేవులో ఉన్న ఓడలన్నిటి దగ్గరా డబ్బు వసూలు చేశాడు. ఇవ్వనన్న ఒక్క కెప్టెన్ ఓడను అతని మనుషులు తగలబెట్టారు. లోపల సంకెళ్లతో సుమారు 80 మంది ఉన్నారు. ఆ తర్వాతి నెలలో రాబర్ట్స్ చనిపోయాక అక్కడే పశ్చిమ ఆఫ్రికాలోని కేప్ కోస్ట్ కోటలో విచారణ జరిగి 52 మందిని ఉరి తీశారు. అతని సిబ్బందిలో ఉన్న నల్లజాతివాళ్లను మాత్రం విచారణ కూడా లేకుండా బానిసలుగా అమ్మేశారు.

పైరేట్లందరూ స్వేచ్ఛావీరులని చూపిస్తే ఇదంతా దాచెయ్యడమే. అలాగని కొల్లగొట్టిన సరుకు పట్టికలో మనుషుల ధర రాయడం ఇంకా ఘోరం. నేను చేసేది ఇది: నా గేమ్‌లో బానిసలకు ధర ఉండదు, అమ్మే రూల్ ఉండదు. అలాంటి ఓడ పట్టుకున్నప్పుడు అందులోని మనుషులకు పేర్లుంటాయి, వాళ్లేం చెయ్యాలనుకుంటున్నారో వాళ్లే చెబుతారు. ఇది ఎంతవరకు చూపించాలో మొదటి సెషన్‌కి ముందే ప్లేయర్లను అడుగుతాను. వద్దంటే ఆ ఓడ కథలోకి రాదు.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల ఆచారాలైన ఒబియా, వోడూలను విలన్ స్పెల్ లిస్టుగా వాడేవాళ్లకు కూడా ఒక మాట. బానిసలు లేచిన టాకీ తిరుగుబాటు తర్వాత 1760లో జమైకా ప్రభుత్వం ఒబియాను నేరం చేసింది. యజమానులు అంతగా భయపడ్డారు. ఇవాళ్టికీ వీటిని ఆచరించేవాళ్లున్నారు. సూదులు గుచ్చే బొమ్మలు కాకుండా, ఊళ్లో నలుగురూ సలహాకి వెళ్లే మనిషిని పెట్టండి.

చిల్లుపీపా:

అన్నా, వారమంతా ఆఫీసులో చచ్చి సరదాగా ఆడుకుందామని వస్తాం. అక్కడా చరిత్ర క్లాసేనా? దెయ్యపు ఓడ, రమ్, నిధి. చాలు.

పాతపటం:

చాలు అనిపిస్తే చాలు, ఎవరూ ఆపట్లేదు. అప్పుడు 1717 అనీ, నసావు అనీ రాయకండి. కల్పిత దీవులు పెట్టుకోండి, ఏ గొడవా ఉండదు. అసలు పేర్లు, అసలు తేదీలు కావాలి, అక్కడి మనుషులు మాత్రం వద్దంటేనే నాకు పేచీ.

రెండో_పాచిక:

చిల్లుపీపా, చరిత్ర అంటే క్లాసే కానక్కర్లేదు. రాబర్ట్స్ నియమాలే తీసుకో. కెప్టెన్‌కి, క్వార్టర్‌మాస్టర్‌కి రెండేసి వాటాలు, సరంగుకి, గన్నర్‌కి ఒకటిన్నర. కాలో చెయ్యో పోతే ఉమ్మడి సొమ్ములోంచి 800 వెండి డాలర్లు. ఇప్పుడు రీజెనరేట్ స్పెల్ తీసుకురా. ఏడో లెవెల్ స్పెల్ (స్పెల్ లెవెల్ వేరు, క్యారెక్టర్ లెవెల్ వేరు) కాబట్టి ఓడ మీద ఎవరికీ రాదు, ఏదో రేవులో డబ్బిచ్చి వేయించుకోవాలి. ఒకడు 800 తీసుకున్నాడు, దాంతోనే కాలు మొలిపించుకున్నాడు. డబ్బు తిరిగివ్వాలా వద్దా? దీని మీద మావాళ్లు సెషన్ మొత్తం వాదించుకున్నారు. ఒక్క పాచిక పడలేదు, ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

తెరచాప:

అందరికీ థ్యాంక్స్. ఇలా అనుకుంటున్నాను. క్లెరిక్ ఉంటాడు, క్రియేట్ వాటర్ ఉంటుంది. గస్ట్ ఆఫ్ విండ్, వాటర్ బ్రీతింగ్ పోయి ముడుల తాడు, పొర వస్తాయి. ఏడో లెవెల్ దగ్గర ఆపేస్తాం. క్రాకెన్‌కి స్టాట్ బ్లాక్ (బలాల అంకెల పట్టిక) ఉండదు. బానిసల ఓడల గురించి ముందే అడుగుతాను, ఆ ప్లేయర్‌ని ఒంటరిగా కాదు, అందరినీ.

దిక్సూచి:

క్లెరిక్‌ని ఉంచడం నాకు ఇప్పటికీ నచ్చలేదు. కనీసం ఎక్కడున్నామో చెప్పే స్పెల్ ఏదీ ఇవ్వకండి. లోతు తాడు, చుక్కల లెక్క, ఊహ, అంతవరకే. అవి తప్పితే ఓడ రాళ్ల మీదకు పోవాలి.

చిల్లుపీపా:

డబ్బు తిరిగివ్వక్కర్లేదు. కాలు పోయింది నిజమే కదా. తర్వాత మొలిపించుకున్నది వాడి సొంత ఖర్చు.

పాతపటం:

ఇవ్వాలి. నియమంలో ఉన్నది అవిటివాడైనవాడికి. రేపు యుద్ధంలో అదే కాలు మళ్లీ పోతే ఇంకో 800 ఇస్తావా?