లిటిల్ మోర్టన్ హాల్ అంత వంకర తిరిగి కూడా ఎలా నిలబడింది?

పెంకుటిల్లు:
ఇంగ్లండ్‌లో చెషైర్ కౌంటీలో, కాంగల్టన్ దగ్గరున్న లిటిల్ మోర్టన్ హాల్ గురించి అడుగుతున్నాను. చుట్టూ 33 అడుగుల వెడల్పు కందకం, మధ్యలో నలుపు తెలుపు చట్రాల మేడ. దక్షిణం వైపు నుంచి తీసిన ఏ ఫొటో చూసినా పై అంతస్తు కిందిదాని మీదికి ఒరిగినట్టు, కిటికీల వరస ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అలాగే కట్టారా, తర్వాత కుంగిందా? కుంగితే ఇన్నాళ్లు ఎలా ఆగింది? ఇంకొకటి, ఆ నలుపు అసలు రంగేనా?

కొయ్యపని:
కుంగిందేనండీ. ముఖ్య కారణం నెత్తిన ఎత్తిన బరువు.

ఈ ఇల్లు ఒక్క దఫాలో లేచింది కాదు. మోర్టన్ కుటుంబం 1504–08 ప్రాంతంలో పెద్ద హాలుతో మొదలుపెట్టి, తరానికో రెక్క చొప్పున కలుపుకుంటూ పోయింది. మీరు చెప్పే దక్షిణ భాగం, ముఖద్వారంతో సహా, 1560 తర్వాతిది. పని సగంలో ఉండగా ఆలోచన మారి, మూడో అంతస్తుగా 68 అడుగుల పొడుగు గ్యాలరీ ఎక్కించినట్టుంది. వాన పడితే ఇంటివాళ్లు నడవడానికీ ఆడుకోవడానికీ అన్నమాట. దాని చెక్క పలకల వెనక 17వ శతాబ్దపు టెన్నిస్ బంతులు నాలుగు దొరికాయి కూడా.

గ్యాలరీ ఒక్కటే అయితే సర్దుకునేదేమో. దాని మీద కప్పు గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాతి పలకలది. పెంకుల బదులు ఇంటి కప్పంతా నాపరాళ్లు పేర్చినట్టు ఊహించుకోండి. ఆ బరువు నిట్టనిలువుగా దిగదు, రెండు వాలులూ గోడల్ని బయటికి తోస్తాయి. ఆ తోపును పట్టి ఉంచాల్సింది అడ్డదూలం. ఇక్కడ మొదట అది లేకుండా, కప్పును కమానులా వంపు తిరిగిన ఊతాల మీదే నిలబెట్టారు. ఇప్పుడు మీకు కనిపించే అడ్డదూలాలు, చట్రం విచ్చుకుపోతుందన్న భయంతో బహుశా 17వ శతాబ్దంలో వేసినవి.

పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి ఉండటం మాత్రం కావాలని చేసిందే. పై గోడ కింది గోడ మీద కూర్చోదు, బయటికి చాచిన దూలాల కొసల మీద కూర్చుంటుంది. కొసల మీద బరువు పడితే గది నడుమ దూలం పైకి లేవబోతుంది కాబట్టి లోపలి నేల కుంగదు. మామూలు బరువుకు ఇది మంచి కిటుకు. రాతి కప్పు తోడైతే మోతాదు మించి, కొసలు కిందికి వాలతాయి, దూలాలు విల్లులా వంగుతాయి.

ఇక నిలబడటం సంగతి. ఇలాంటి ఇళ్లకు ఓక్ కలపను పచ్చిగానే కోసి వాడేవారు, ఎండితే ఉలికి లొంగదు. ఒక దుంగకు నాలుక చెక్కి, రెండోదానికి గాడి తొలిచి, రెంటినీ కలిపి ఓక్ మేకు దిగ్గొడతారు. నాలుకలోని బెజ్జాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు భుజం వైపు, అంటే నాలుక మొదలయ్యే చోటు వైపు, జరిపి తొలుస్తారు. మేకు దిగేకొద్దీ అతుకు బిగుస్తుంది, పచ్చి కలప ఎండి కుంచించుకుపోయేకొద్దీ ఇంకా పట్టేస్తుంది. అలాంటి అతుకు కొంచెం తిరుగుతుంది గానీ విరగదు. ఇదే ఇటుక గోడ ఇంత వంగితే నిలువునా పగిలేది.

సున్నంబట్టీ:
రంగు గురించి నేను చెబుతాను. నలుపు 19వ శతాబ్దపు మోజు. అసలు ఓక్‌కు ఏమీ పూయకుండా వదిలేసేవారు, ఎండకూ వానకూ వెండి బూడిద రంగుకు తిరిగేది. చట్రాల నడుమ గోడలకు పసుపుమన్ను రంగు ఉండేది. ఇప్పటి పోస్టుకార్డు అందం అసలు కట్టించినవాళ్లు చూసింది కాదు.

ఈ తరహా ఇళ్లలో నడుమ గోడలు మనకు తెలిసిన తడిక గోడలే. పై దూలంలో బెజ్జాలు, కింది దూలంలో గాడి, వాటిలో నిలువు బద్దలు, అడ్డంగా హేజెల్ అనే పొద కొమ్మల అల్లిక. దానికి మట్టి, గడ్డి, పేడ కలిపి రెండు వైపులా మెత్తి, పైన వెంట్రుకలు కలిపిన సున్నం పూత. అసలు చిక్కంతా తర్వాత దానికి సిమెంటు పూసినప్పుడు వస్తుంది. కలప వాతావరణాన్ని బట్టి కదులుతుంది, సిమెంటు కదలదు. రెంటి మధ్య వెంట్రుకంత సందు పడితే చాలు, నీళ్లు దిగుతాయి, మళ్లీ ఆరవు. తడి నిలిచిన ఓక్ మెత్తబడుతుంది, పురుగు దూరుతుంది. తారు రంగు దట్టంగా పూసినా అదే గతి.

పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి ఇల్లు 1938లో వచ్చింది. 1977లో దక్షిణ కప్పు పలకలు పట్టు తప్పాయని గమనించి ఆరు దశల్లో మరమ్మతులు చేయించారు. కొత్తగా వేసిన కలపకు నలుపు పూయలేదు, కాబట్టి ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలిసిపోతుంది. నాకు నచ్చిన నిర్ణయం అది.

పెంకుటిల్లు:
వివరంగా చెప్పారు, ఇద్దరికీ థాంక్స్. జాకీలు పెట్టి నెమ్మదిగా ఎత్తి నిటారు చేయలేరా?

కొయ్యపని:
వద్దండీ. శతాబ్దాల పాటు వంగి ఎండిన దుంగకు ఇప్పుడు ఆ వంపే అసలు ఆకారం. బలవంతాన ఎత్తితే ముందు మేకులు తెగుతాయి, తర్వాత నాలుకలు చీలుతాయి. కిటికీలు ఇంకా సున్నితం. చిన్న చిన్న గాజు ముక్కల్ని సీసం పట్టీలతో కూర్చినవి. సీసం మెత్తన కాబట్టి నెమ్మదైన వంపుకు తానూ వంగుతూ వచ్చింది, ఒక్కసారిగా కదిపితే గాజు పగులుతుంది. కాబట్టి వంపును అలాగే ఉంచి, ముందుకు సాగకుండా కట్టడి చేయడమే పని.

వెళ్తే లోపలి ముంగిట్లో ఎదురయ్యే రెండంతస్తుల కిటికీల పై అంచు చూడండి. రిచర్డ్ డేల్ అనే వడ్రంగి దేవుడి దయతో ఈ కిటికీలు చేశాడని, 1559 అని చెక్కి ఉంటుంది. యజమాని విలియం మోర్టన్ పేరూ అక్కడే ఉంది.