వర్షాధార మొక్కజొన్న: మోడల్ చూపే దిగుబడి లోటును నమ్మి సలహా ఇవ్వొచ్చా?

అగ్రి విద్యార్థి, గుణుపురం
మా ప్రాజెక్టులో సెరిస్-మెయిజ్ అనే కంప్యూటర్ పంట మోడల్‌తో ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల ఖరీఫ్ మొక్కజొన్నను లెక్క కడుతున్నాం. రోజువారీ వాన, ఎండ, ఉష్ణోగ్రతలు, నేల లోతు, విత్తన రకం లక్షణాలు ఇస్తే, ఆ వానతో ఆ నేలలో గరిష్ఠంగా ఎంత పండుతుందో అది చెబుతుంది. దానికీ రైతు ఇంటికి చేరేదానికీ ఉన్న తేడానే దిగుబడి లోటు. ఈ లోటును బట్టే ఏ ఊరికి ఏ సలహా ఇవ్వాలో తేల్చాలని నా వాదన. రైతులేమో కంప్యూటర్ పొలం మాకెందుకు అంటున్నారు. మీరేమంటారు?

మెట్ట రైతు, పర్లాకిమిడి
తమ్ముడూ, అనడానికి కారణం ఉంది. మీ లెక్కలో కలుపు లేదు, పురుగు లేదు. 2018లో కర్ణాటకలో బయటపడ్డ కత్తెర పురుగు ఇప్పుడు మా చేలలోనూ ఉంది. సుడిలో దూరి ఆకు తినేస్తుంది. రాత్రిళ్లు అడవిపందులు సరేసరి. ఇవన్నీ పక్కన పెట్టి "మీ చేను ఇంత పండాలి, పండడం లేదు" అంటే తప్పంతా రైతుదే అన్నట్టుంటుంది.

అగ్రి విద్యార్థి, గుణుపురం
తప్పు పట్టడం కాదన్నా. పురుగు వల్ల పోయిందెంతో తెలియాలన్నా, పురుగు లేకపోతే ఎంత వచ్చేదో ముందు తెలియాలి కదా. పైగా ఆ గరిష్ఠం మొత్తం అందుకోమని ఎవరూ అనరు. అందులో దాదాపు 80 శాతాన్నే లక్ష్యంగా పెట్టుకుంటారు. ఆపైన పెట్టే ఖర్చు తిరిగి రాదు.

మాస్టారు, రాయగడ
బాబూ, నా అభ్యంతరం మోడల్ మీద కాదు, దానికి మీరిచ్చే వివరాల మీద. వాతావరణ శాఖ వాన లెక్కను గళ్లుగా విడగొట్టి, గడికి ఒక అంకె చొప్పున ఇస్తుంది. ఒక్కో గడి 0.25 డిగ్రీలు, అంటే సుమారు 27 కిలోమీటర్లు. కొండకు ఈవల దంచి కొట్టి ఆవల చినుకు పడని రోజులు మనకెన్ని లేవు!

నేల సంగతి ఇంకా ముఖ్యం. మాట వరసకు మీటరు లోతు నేల 100 మిల్లీమీటర్ల నీరు పట్టి ఉంచుతుందనుకుందాం. పూత దశలో మొక్కజొన్న రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. వాలు మీద 30 సెంటీమీటర్లే మట్టి ఉన్న చేనుకు ఆరు రోజుల్లో నీళ్లు అయిపోతాయి. అదే ఊళ్లో 90 సెంటీమీటర్లున్న చేను పద్దెనిమిది రోజులు ఓర్చుకుంటుంది. నిజానికి మొక్క అంతకన్నా ముందే వాడుతుంది. ఆ సమయంలో వాన తప్పితే మగపూత పుప్పొడి రాలిపోయాక, దాన్ని అందుకోవాల్సిన కంకి పీచు వస్తుంది, కంకి సగం ఖాళీ. మీరు రెండు చేలకూ ఒకే నేల పటం వేస్తే, వాలు మీది రైతుకు లేని లోటును అంటగట్టినట్టే. ఇక పల్లం చేలలో ఆగస్టులో నీళ్లు నిలిస్తే జరిగే నష్టాన్ని చాలా మోడళ్లు సరిగా పట్టుకోలేవు.

కౌలు రైతు, కాశీనగరం
మాస్టారు చెప్పింది నిజం. అయినా నాకు మోడల్ కావాలి. సగటు దిగుబడి కోసం కాదు. ఎకరాకు 20 క్వింటాళ్లు రావాలంటే పైరు 40 కిలోల దాకా నత్రజని తీసుకుంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 20 కిలోలే. నేల కొంత ఇస్తుంది, వేసినదాంట్లో కొంత వానకు కొట్టుకుపోతుంది. రెండో బస్తా వేయాలా వద్దా అన్నదే నా టెన్షన్. అప్పు తెచ్చిన మదుపుతో వేశాక వాన ముఖం చాటేస్తే కౌలు ఎవరు కడతారు? గడిచిన 30 ఏళ్ల వానలు వేసి నడిపి, ఆ బస్తా ఎన్నేళ్లు గిట్టుబాటయ్యేదో, ఎన్నేళ్లు దండగయ్యేదో చెప్పండి. ఆ మాట చెప్పే మనిషి మా ఊళ్లో లేడు. మోడల్ చెప్పగలదు.

అగ్రి విద్యార్థి, గుణుపురం
చెప్పగలదక్కా. విత్తే తేదీ మార్చి కూడా చూడొచ్చు. జూన్ రెండో వారంలో విత్తితే పూత ఏ వానకు చిక్కుతుందో, మూడు వారాలు ఆగితే ఏమవుతుందో తెలుస్తుంది. మాకు కావాల్సింది మీ చేల మట్టి లోతు, మీరు విత్తిన తేదీలు.

మెట్ట రైతు, పర్లాకిమిడి
అక్క అడిగింది న్యాయం, దానికి నేనూ అడ్డు చెప్పను. మా మెరక చేనులో గొయ్యి తవ్వి లోతు చూసుకోండి, తేదీలూ ఇస్తాను. కానీ వాలుకూ పల్లానికీ లోటు విడివిడిగా రాయాలి, కలుపు, పురుగు వల్ల పోయింది వేరే చూపాలి. జిల్లా మొత్తానికి ఒకే అంకె రాసేట్టయితే నా చేను వివరాలు అందులో కలపొద్దు.

మాస్టారు, రాయగడ
గొయ్యి ఒకటి చాలదు బాబూ. వాలు పైన, నడుమ, కింద మూడు చోట్ల తవ్వండి. వాన కొలిచే పరికరాన్ని ఊళ్లోనే పెట్టండి, వచ్చే ఖరీఫ్‌కు రోజూ నేను రాసి పెడతాను.